ఇండెక్స్ ఎవరి దగ్గర ఉండాలి? (డేటా నిల్వల చరిత్ర, 7వ భాగం)

ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కంప్యూటర్ల కోసం రాసిన ఓఎస్/360లో ‘పార్టిషన్డ్ డేటా సెట్’ అనే నిల్వ పద్ధతి ఒకటి ఉంది. మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసేవాళ్లు దాన్ని పీడీఎస్ అంటారు. డిస్కు మీద కొంత జాగా తీసుకుని, మొదటి భాగాన్ని డైరెక్టరీకి వదిలి, మిగతా జాగాలో ప్రోగ్రాములనూ ఇతర పాఠాలనూ ఒకదాని వెనుక ఒకటి పేర్చడమే ఆ పద్ధతి. అలా పేర్చిన ఒక్కో ముక్క పేరు మెంబర్. డైరెక్టరీ 256 బైట్ల గళ్లుగా ఉంటుంది. మెంబర్ల పేర్లు ఎనిమిది అక్షరాలకు మించకుండా, అక్షర క్రమంలో అందులో కూర్చుంటాయి. పేరు పక్కనే ఆ మెంబర్ డిస్కు మీద ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిరునామా ఉంటుంది. కావలసిన పేరు డైరెక్టరీలో చూసుకుని నేరుగా ఆ చోటికి వెళ్తే సరి, మిగతా మెంబర్లను ముట్టుకునే పనే లేదు.

సౌకర్యంతో పాటే చిక్కులూ వచ్చాయి. డైరెక్టరీకి ఎన్ని గళ్లు కావాలో పీడీఎస్‌ను సృష్టించే రోజునే చెప్పేయాలి. తర్వాత ఆ గళ్లు నిండిపోతే, డిస్కు మీద ఎంత ఖాళీ ఉన్నా కొత్త మెంబర్‌కు చోటు దొరకదు. జాబ్ బీ14 అనే కోడ్ చూపించి ఆగిపోతుంది. మెంబర్‌ను తొలగిస్తే డైరెక్టరీలోంచి పేరు పోతుందే గానీ అది ఆక్రమించిన జాగా విడుదల కాదు. ఐఈబీకాపీ అనే యుటిలిటీతో ‘కంప్రెస్’ చేసేదాకా ఆ జాగా వృథాగా పడి ఉంటుంది. 1990ల చివర వై2కే పనుల కోసం అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్, జేసీఎల్ నేర్చుకున్న తరానికి బీ14 అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ముక్కలు చేసి దాచిన డేటా, ఆ ముక్కలకు దారి చూపే ఇండెక్స్ అనే ఈ జంట తర్వాతి అరవై ఏళ్లలో ఎన్నో వేషాలు మార్చింది. అడుగున ఉన్న ప్రశ్న మాత్రం మారలేదు. డేటాను ముక్కలు చేసినప్పుడు ఇండెక్స్‌ను కూడా ముక్కలు చేసి, ఏ ముక్క సూచిక ఆ ముక్క దగ్గరే ఉంచాలా? లేక మొత్తానికీ కలిపి ఒకే సూచికను వేరుగా నడపాలా?

దాని జోలికి వెళ్లేముందు ఒకే యంత్రంలోని ఇండెక్స్ సంగతి తేలాలి. 1956లో వచ్చిన ఐబీఎం రామాక్ డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. టేపులా మొదటి నుంచి చుట్టుకుంటూ పోకుండా కోరిన చోటికి నేరుగా వెళ్లే వీలు దానితో వచ్చింది. ఏ చోటికి వెళ్లాలో చెప్పడానికి ఐబీఎం తర్వాత ఐసామ్ అనే పద్ధతి తెచ్చింది. అందులో ఇండెక్స్ డిస్కు ట్రాకులకూ సిలిండర్లకూ కట్టేసి ఉండేది. కొత్త రికార్డులు వచ్చి అసలు చోటు నిండితే అవి పొంగి ‘ఓవర్‌ఫ్లో’ ప్రాంతంలోకి పోయేవి. పొంగిన కొద్దీ వెతుకులాట నెమ్మదించేది. కొన్నాళ్లకోసారి పని ఆపి ఫైలు మొత్తాన్ని మళ్లీ సర్దవలసి వచ్చేది.

ఆ బెడదకు మందు 1970లో సియాటిల్‌లోని బోయింగ్ పరిశోధనశాలలో దొరికింది. అక్కడ పనిచేస్తున్న రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ రూపొందించిన బీ-ట్రీ వ్యాసం 1972లో ‘యాక్టా ఇన్ఫర్మేటికా’లో అచ్చయింది. ఉపాయం తేలికైనది. ఇండెక్స్‌లోని ఒక్కో పేజీలో కీలు వరుసగా ఉంటాయి. పేజీ నిండితే దాన్ని రెండుగా చీల్చి, నడిమి కీని పై అంతస్తుకు పంపుతారు. పైది కూడా నిండి ఉంటే అదీ చీలుతుంది. చెట్టు కొమ్మల చివర కాకుండా వేరు దగ్గర ఎత్తు పెరుగుతుంది కాబట్టి అన్ని ఆకులూ ఎప్పుడూ ఒకే లోతున ఉంటాయి. పేజీకి 300 దారులు ఉన్నాయనుకుంటే మూడు అంతస్తుల్లోనే 2 కోట్ల 70 లక్షల రికార్డులకు దారి దొరుకుతుంది. అంటే అన్ని కోట్లలో ఒకదాన్ని పట్టడానికి మూడు పేజీలు చదివితే చాలు. అందులోనూ పై పేజీ ఎలాగూ మెమరీలోనే ఉంటుంది. ‘బీ’ అంటే బోయింగా, బేయరా, బ్యాలెన్స్‌డా అన్నది కనిపెట్టిన ఇద్దరూ తేల్చి చెప్పలేదు. 1979 నాటికే డగ్లస్ కోమర్ తన సమీక్షా వ్యాసానికి ‘సర్వవ్యాప్త బీ-ట్రీ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టేంతగా అది పాతుకుపోయింది.

బీ-ట్రీకి ఒక షరతు ఉంది. చెట్టు మొత్తం ఒకరి అదుపులో ఉండాలి. డేటా ఒక యంత్రం పట్టనంత పెరిగినప్పుడు దాన్ని విడగొట్టక తప్పదు. విడగొట్టే మార్గాలు ముఖ్యంగా రెండు. తేదీనో పేరునో చూసి, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఒక ముక్క అని హద్దులు పెట్టడం ఒకటి. కీని హ్యాష్ లెక్కలో వేసి, వచ్చిన అంకెను బట్టి పంచేయడం రెండోది. ఏ మార్గమైనా, ఏ కీ మీద విడగొట్టారో ఆ కీతోనే అడిగేవాడికి సుఖం. ఖాతా నంబరు మీద విడగొట్టిన డేటాలో ఫోన్ నంబరు పట్టుకుని వచ్చినవాడి సంగతేమిటి?

ఈ చిక్కు కంప్యూటర్ల కంటే పాతది. తెలుగునాట పొలమో ఇల్లో కొన్న ప్రతివారూ దాన్ని దగ్గరగా చూసే ఉంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ప్రతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో స్థిరాస్తి దస్తావేజులకు ఒకటో నంబరు పుస్తకం ఉంటుంది. దానికి రెండు సూచికలు. ఇండెక్స్-1 రాసిచ్చిన, రాయించుకున్న మనుషుల పేర్ల మీద, ఇండెక్స్-2 ఆస్తుల వివరాల మీద నడుస్తాయి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కోసం వెతికేది ఈ సూచికల్లోనే. ఆస్తి ఆ కార్యాలయం పరిధిలోదే అయితే పని సులువు. ఒక మనిషి పేరున రాష్ట్రంలో ఎక్కడెక్కడ ఆస్తులున్నాయో కావాలంటే మాత్రం పుస్తకాల కాలంలో ప్రతి కార్యాలయం గుమ్మమూ ఎక్కి దిగాల్సిందే. ఎవరి సూచిక వారి దగ్గరే ఉంది మరి. ఒకే దస్తావేజులోని భూమి రెండు సబ్ రిజిస్ట్రార్ల పరిధిలోకి వస్తే ఎలా అన్నది కూడా చట్టం రాసినవాళ్లు ఆలోచించారు. 64వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ చేసిన సబ్ రిజిస్ట్రార్ ఒక మెమొరాండం రాసి, అదే జిల్లా రిజిస్ట్రార్ కింద ఉన్న రెండో సబ్ రిజిస్ట్రార్‌కు పంపాలి. ఆయన దాన్ని తన ఒకటో నంబరు పుస్తకంలో చేర్చుకోవాలి. రాసేటప్పుడు కాస్త ఎక్కువ శ్రమ పడితే వెతికేటప్పుడు కలిసివస్తుందన్న లెక్క అందులో ఉంది. డేటాబేస్ రూపకర్తలు అదే లెక్కను కొత్తగా వేసుకోవలసి వచ్చింది.

దాన్ని తొలినాళ్లలోనే పకడ్బందీగా వేసినవాళ్లలో టెరాడేటా ఒకటి. 1979లో కాలిఫోర్నియాలో మొదలైన ఆ సంస్థ తన తొలి యంత్రానికి డీబీసీ/1012 అని పేరు పెట్టింది. 1012 అంటే పదికి పన్నెండో ఘాతం, టెరాబైట్‌కు గుర్తు. అప్పటికి అది కోరికే తప్ప కళ్లముందున్న పరిమాణం కాదు. ఆ వ్యవస్థలో టేబుల్‌లోని వరుసలను ప్రైమరీ ఇండెక్స్ విలువకు హ్యాష్ కట్టి, ఆంప్ అనే ప్రాసెసర్ల మధ్య పంచుతారు. ప్రతి ఆంప్‌కూ తన డిస్కు తనదే, ఒకరి డేటా మరొకరు తాకరు. ఆ ప్రైమరీ ఇండెక్స్‌కు వేరే పట్టికే ఉండదు, హ్యాష్ లెక్కే దారి చూపుతుంది.

రెండో రకం ఇండెక్స్‌ల దగ్గర టెరాడేటా చూపిన తెలివి ఈనాటికీ పాఠంగా చెప్పుకోదగింది. విలువ ఒక్కసారే వచ్చే ఇండెక్స్, ఉదాహరణకు ఫోన్ నంబరు, అయితే ఆ ఇండెక్స్ వరుసలను వాటి సొంత హ్యాష్‌ను బట్టి వేరే ఆంప్‌ల మీదికి పంచుతారు. ఫోన్ నంబరు ఇస్తే ఒక ఆంప్ ఇండెక్స్ చూసి చెబుతుంది, రెండో ఆంప్ అసలు వరుస తీసిస్తుంది. వందల ఆంప్‌లున్నా పని రెండింటితో ముగుస్తుంది. విలువ పదేపదే వచ్చే ఇండెక్స్, ఉదాహరణకు ఊరి పేరు, అయితే ప్రతి ఆంప్ తన దగ్గరున్న వరుసలకు తన దగ్గరే ఇండెక్స్ పెట్టుకుంటుంది. అడిగినప్పుడు ఊరంతా దండోరా వేసినట్టు అన్ని ఆంప్‌లకూ కబురు వెళ్తుంది. ఎలాగూ ఆ ఊరివాళ్లు అన్ని ఆంప్‌ల మీదా చెదిరి ఉంటారు కాబట్టి ఆ దండోరా వృథా కాదు. ‘స్థానిక ఇండెక్స్ మంచిదా, సార్వత్రిక ఇండెక్స్ మంచిదా’ అని తర్వాతి కాలంలో జరిగిన వాదాలు చాలావరకు అడిగే ప్రశ్న స్వభావాన్ని పక్కనపెట్టి సాగినవే. టెరాడేటా దాని నుంచే మొదలుపెట్టింది.

లోకల్, గ్లోబల్ అన్న పేర్లను సాధారణ డేటాబేస్ ఉద్యోగుల నోట నానేలా చేసింది ఒరాకిల్. 1997లో వచ్చిన ఒరాకిల్ 8లో టేబుళ్లను పార్టిషన్లుగా విడగొట్టే సౌకర్యం చేరింది. బిల్లుల టేబుల్‌ను నెలవారీగా విడగొడితే, అయిదేళ్ల నాటి నెలను తీసేయడానికి లక్షల వరుసలను ఒక్కొక్కటిగా చెరపక్కర్లేదు. ఆ పార్టిషన్‌ను ఊడదీసి పడేస్తే చాలు. లోకల్ ఇండెక్స్ అయితే దానితో పాటే ఊడిపోతుంది. గ్లోబల్ ఇండెక్స్‌కు మాత్రం ఆ నెల బిల్లులు ఇంకా ఉన్నట్టే గుర్తుంటుంది. అందుకే ఒరాకిల్ ఆ ఇండెక్స్ మొత్తాన్నీ ‘పనికిరాదు’ అని ముద్ర వేసేసేది. రాత్రి పాత పార్టిషన్ తీసేసి హాయిగా పడుకున్న డీబీఏకు తెల్లారేసరికి ఓఆర్ఏ-01502 అనే ఎర్రర్‌తో ఫోన్లు మొదలయ్యేవి. 9ఐ వెర్షన్‌లో పార్టిషన్ తీసేటప్పుడే గ్లోబల్ ఇండెక్స్‌ను కూడా సరిచేయమని చెప్పే వీలు వచ్చింది గానీ, అప్పుడు క్షణంలో అయ్యే పని గంటలు పట్టేది. 2013 నాటి 12సీ వెర్షన్ మధ్యేమార్గం పట్టింది. పార్టిషన్ పోయినా ఇండెక్స్‌లోని అనాథ పద్దులను అలాగే వదిలి, చదివేటప్పుడు వాటిని దాటవేస్తూ, తెల్లవారుజామున 2 గంటలకు నడిచే జాబ్‌తో ఊడ్పించింది. పీడీఎస్‌లో పేరు పోయి జాగా మిగిలేది, ఇక్కడ జాగా పోయి పేరు మిగిలింది.

లోకల్ ఇండెక్స్‌కు మరో లోపం ఉంది. ఒక విలువ టేబుల్ మొత్తంలో ఒక్కసారే ఉండాలన్న నియమాన్ని అది ఒంటరిగా కాపాడలేదు. మార్చి పార్టిషన్‌కు ఏప్రిల్ పార్టిషన్‌లో ఏముందో తెలియదు, ఒకే బిల్లు నంబరు రెండుచోట్లా చేరిపోయినా పట్టుకునేవారుండరు. అందుకే 2018లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 11 పార్టిషన్ టేబుల్‌పై యూనిక్ ఇండెక్స్‌ను అనుమతిస్తూనే, పార్టిషన్ కీ అందులో భాగంగా ఉండి తీరాలని షరతు పెట్టింది.

2000 దశకంలో వెబ్ కంపెనీల చేతికి వచ్చిన డేటా ముందు ఈ లెక్కలన్నీ చిన్నబోయాయి. గూగుల్ 2006లో వివరించిన బిగ్‌టేబుల్‌లో వరుసలన్నీ కీ క్రమంలో ఉండి, 100 నుంచి 200 మెగాబైట్ల ముక్కలుగా విడిపోతాయి. ఒక్కో ముక్క పేరు టాబ్లెట్. వెబ్ చిరునామాలను తిరగేసి, ‘కామ్’ ముందు, సంస్థ పేరు తర్వాత వచ్చేలా కీగా రాస్తారు. దాంతో ఒక సంస్థ పేజీలన్నీ పక్కపక్కనే పడతాయి. కీని తెలివిగా రాస్తే సగం ఇండెక్స్ పని అక్కడే తీరిపోతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఏ టాబ్లెట్ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే పట్టిక కూడా ఒక బిగ్‌టేబులే, పేరు మెటాడేటా. అదీ పెద్దదే కాబట్టి అదీ టాబ్లెట్లుగా విడిపోతుంది. ఆ టాబ్లెట్లు ఎక్కడున్నాయో మూల టాబ్లెట్ చెబుతుంది. దాన్ని మాత్రం ఎప్పటికీ చీల్చరు. మూల టాబ్లెట్ ఎక్కడుందో చబ్బీ అనే చిన్న, నమ్మకమైన సేవలో రాసి ఉంటుంది. ఒక్కో పద్దు సుమారు 1 కిలోబైట్ అనుకుంటే 128 మెగాబైట్ల మెటాడేటా టాబ్లెట్‌లో 1,31,072 పద్దులు పడతాయి. రెండు అంచెలకు ఆ సంఖ్యను దానితోనే గుణిస్తే సుమారు 1,718 కోట్ల టాబ్లెట్లకు దారి దొరుకుతుంది. ఏమీ తెలియని క్లయింట్ మూడు సార్లు నెట్‌వర్క్ మీద అడిగితే చాలు. తన దగ్గరున్న చిరునామాలు పాతబడి ఉంటే మాత్రం ఆరుసార్ల దాకా తిరగాల్సి రావచ్చు. నిర్మాణం బీ-ట్రీదే, కాకపోతే పేజీల చోట సర్వర్లు వచ్చి చేరాయి.

టాబ్లెట్ లోపల డేటా అనేక ఫైళ్లలో ఉంటుంది. లేని కీ కోసం అన్ని ఫైళ్లూ తెరవడం కొండను తవ్వి ఎలుకను పట్టడం లాంటిది. అందుకు బర్టన్ బ్లూమ్ 1970లో ప్రతిపాదించిన ఫిల్టర్‌ను బయటికి తీశారు. ఒక్కో కీకి పదేసి బిట్లు ఖర్చుపెడితే, ‘ఈ ఫైలులో ఆ కీ కచ్చితంగా లేదు’ అని ఫైలు తెరవకుండానే చెప్పగలదు. లేని కీని ‘ఉండొచ్చు’ అని పొరబడేది నూటికి సుమారు ఒకసారి. బ్లూమ్ దాన్ని వివరించడానికి ఎంచుకున్న ఉదాహరణ ఇంగ్లీషు మాటలను పంక్తి చివర విరిచే ప్రోగ్రాం. నియమానికి లొంగని మాటలకే నిఘంటువు తెరవాలి కాబట్టి, అవేవో ముందే జల్లెడ పట్టాలన్నది ఆయన ఆలోచన.

అమెజాన్ డైనమోడీబీ 2012లో వచ్చినప్పుడు ప్రైమరీ కీ తప్ప వేరే దారి లేదు. 2013 ఏప్రిల్‌లో లోకల్ ఇండెక్స్‌లు, అదే ఏడాది డిసెంబరులో గ్లోబల్ ఇండెక్స్‌లు చేరాయి. లోకల్ ఇండెక్స్ ఉన్న టేబుల్‌లో ఒకే పార్టిషన్ కీ కింద 10 గిగాబైట్లు దాటకూడదు. గ్లోబల్ ఇండెక్స్‌కు ఆ హద్దు లేదు గానీ, రాసిన సంగతి దానికి కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది. రెండింట్లో ఏదో ఒక ఇబ్బందిని ఎంచుకోక తప్పదు.

విశ్లేషణ కోసం డేటా పోగేసేవాళ్ల దారి వేరు. ఫేస్‌బుక్‌లో పుట్టిన హైవ్, హడూప్ ఫైళ్ల మీద ఎస్‌క్యూఎల్ నడిపే పనిముట్టు. దాంట్లో పార్టిషన్ అంటే ఒక ఫోల్డర్. ‘డీఎస్=2009-03-20’ లాంటి పేరుతో ఫోల్డర్ ఉంటే అందులో ఆ రోజు డేటా ఉన్నట్టు. ఏ టేబుల్‌కు ఏ ఫోల్డర్లున్నాయో మెటాస్టోర్ అనే చిన్న డేటాబేస్‌లో రాసుకుంటారు. తేదీ ఇచ్చి అడిగితే మిగతా ఫోల్డర్ల జోలికి వెళ్లదు. నిజానికి అది ఇండెక్స్ కాదు, ఇండెక్స్ అవసరం తగ్గించే సర్దుబాటు. చాలా ఏళ్లు దానితోనే నడిచింది. 2011లో హైవ్‌కు నిజమైన ఇండెక్స్‌లు కూడా చేర్చారు గానీ, డేటా మారినప్పుడల్లా వాటిని చేత్తో తిరిగి కట్టుకోవాల్సి రావడంతో జనం పెద్దగా వాడలేదు. 2018లో హైవ్ 3.0 వాటిని పూర్తిగా తీసేసింది.

ఫోల్డర్ల పద్ధతి రెండు చోట్ల బెసికింది. ఈవెంట్ జరిగిన సమయం ఒక కాలమ్‌లో, ఫోల్డర్ పేరులోని తేదీ మరో కాలమ్‌లో ఉంటాయి. ఆ రెండింటి సంబంధం మనిషికి తెలుసు, హైవ్‌కు తెలియదు. సమయం మీద షరతు రాసి తేదీ మీద రాయడం మరిచిపోతే, ఒక్క గంట డేటా కోసం ఏళ్ల తరబడి ఫోల్డర్లన్నీ చదువుతుంది. రెండో చోటు ఫైళ్ల జాబితా. హైవ్‌కు ఫోల్డర్ల పేర్లే తెలుసు కాబట్టి లోపల ఏ ఫైళ్లున్నాయో క్వెరీ నడిచే ముందు ప్రతిసారీ వెళ్లి చూడాలి. డేటా అమెజాన్ ఎస్3లోకి మారాక అది మరీ భారమైంది, అక్కడ జాబితా అడిగితే ఒక్కసారికి 1,000 పేర్లే వస్తాయి. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక టేబుల్‌కు నెల రోజుల కొలతలకే 2,688 పార్టిషన్లు, వాటిలో 27 లక్షల ఫైళ్లు ఉండేవి. అసలు పని మొదలవకముందు, ఏ ఫైళ్లు చదవాలో తేల్చుకునే ప్రణాళికకే 9.6 నిమిషాలు పట్టేది.

ఈలోగా ఫైళ్లు తమ గురించి తామే చెప్పుకోవడం నేర్చాయి. ట్విటర్, క్లౌడెరా కలిసి 2013లో విడుదల చేసిన పార్కే ఫైలులో చివరన ఒక ఫుటర్ ఉంటుంది. ఫైలులోని ఒక్కో వరుసల గుంపులో ప్రతి కాలమ్‌కూ కనిష్ఠ, గరిష్ఠ విలువలు అందులో రాసి ఉంటాయి. 500 రూపాయలు దాటిన బిల్లులు కావాలన్నప్పుడు, గరిష్ఠం 300 ఉన్న గుంపును చదవక్కర్లేదు. గిడో మ్యోర్కోటె 1998లోనే ఇలాంటి చిన్న సారాంశాల గురించి రాశారు. నెటీజా అనే సంస్థ వాటినే జోన్ మ్యాప్‌లంది. ఈ పద్ధతిలో చిక్కల్లా, ఫుటర్ చదవాలన్నా ముందు ఆ ఫైలు తెరవాలి.

2017లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలై తర్వాత అపాచీ సంస్థకు చేరిన ఐస్‌బర్గ్ అనే టేబుల్ పద్ధతి ఆ ఫుటర్లలోని అంకెలను బయటికి లాగి మ్యానిఫెస్ట్ ఫైళ్లలో పెట్టింది. ఒక్కో మ్యానిఫెస్ట్‌లో కొన్ని డేటా ఫైళ్ల పేర్లు, వాటి పార్టిషన్, కాలమ్‌ల కనిష్ఠ గరిష్ఠాలు ఉంటాయి. ఆ మ్యానిఫెస్ట్‌ల మీద ఒక జాబితా ఉంటుంది. టేబుల్ ఒక్కో సమయంలో ఉన్న రూపానికి, అంటే ఒక్కో స్నాప్‌షాట్‌కు, ఒక్కో జాబితా. ఫోల్డర్లలోకి వెళ్లి లెక్కపెట్టే పని తప్పింది. సమయం నుంచి తేదీని ఎలా తీయాలో టేబుల్ నిర్వచనంలోనే రాసి ఉండడంతో మనిషి మరిచిపోయే అవకాశమూ పోయింది. రోజువారీగా ఉన్న పార్టిషన్లను గంటలవారీగా మార్చినా పాత ఫైళ్లను కదపనక్కర్లేదు, ఏ ఫైలు ఏ పద్ధతిలో రాశారో మ్యానిఫెస్ట్‌కు తెలుసు. ఇంత చేసినా ఐస్‌బర్గ్ చెప్పగలిగేది ఫైలు దాకానే. ఫలానా ప్రయాణం నంబరు ఏ ఫైలులో ఉందని అడిగితే కనిష్ఠ గరిష్ఠాలు పెద్దగా సాయపడవు. నంబర్లు చెల్లాచెదురుగా ఉంటే ప్రతి ఫైలూ ‘ఉండొచ్చు’ అనే అంటుంది.

ఊబర్‌కు సరిగ్గా అదే కావలసి వచ్చింది. ముగిసిన ప్రయాణం ఛార్జీ రెండు రోజుల తర్వాత మారితే, ఆ ఒక్క వరుసను వెతికి దిద్దాలి. అక్కడ 2016లో తయారైన హుడీ అనే టేబుల్ పద్ధతిలో ఇండెక్స్ రెండు రకాలుగా దొరికింది. మామూలు బ్లూమ్ ఇండెక్స్ ఒక కీ ఒక పార్టిషన్ లోపల ఒక్కసారే ఉంటుందని నమ్మి అక్కడే వెతుకుతుంది. గ్లోబల్ బ్లూమ్ టేబుల్ అంతా చూస్తుంది, టేబుల్ పెరిగిన కొద్దీ దాని పనీ పెరుగుతుంది. 2023లో వచ్చిన 0.14 వెర్షన్ రికార్డు స్థాయి ఇండెక్స్ తెచ్చింది. ఏ రికార్డు ఏ పార్టిషన్‌లో, ఏ ఫైళ్ల గుంపులో ఉందో రాసి ఉండే ఆ ఇండెక్స్, హుడీ తన కోసం నడుపుకునే మెటాడేటా టేబుల్‌లో ఒక భాగం. పద్దులు కోట్లలో ఉంటాయి కాబట్టి దాన్ని కూడా కీ హ్యాష్‌ను బట్టి గుంపులుగా విడగొడతారు. ఆ గుంపుల్లోని ఫైళ్లు హెచ్‌బేస్ అనే డేటాబేస్ నుంచి తెచ్చుకున్న హెచ్‌ఫైల్ రూపంలో ఉంటాయి. హెచ్‌ఫైల్ లోపల కీలు వరుసగా ఉంటాయి, ఫైలు పెద్దదైతే వాటి మీద అంచెలంచెలుగా ఇండెక్స్ లేస్తుంది.